కాటా చీటీ వెనకాల దరఖాస్తు

మా కాక పోయాడన్న కబురు శుక్రవారం పొద్దున వచ్చింది. యార్డుకు సెలవు. మా క్యాంపు రెండు హాళ్లలోనూ మనుషులు బట్టలు ఉతుక్కుంటూ, గడ్డాలు గీసుకుంటూ, ఇళ్లకు వీడియో కాల్స్ చేసుకుంటూ ఉన్నారు. నేను ఎర్రగడ్డలు తరుగుతున్నాను. జగిత్యాల నుంచి కాక కొడుకు వాయిస్ మెసేజ్ పంపాడు. "బాపు పోయిండే. పొద్దుగాల చాయ్ అడిగిండు. తెచ్చేలోపట పోయిండు." అంతే, అంతకన్నా ఏమీ లేదు. ఎర్రగడ్డల పుణ్యమా అని నా కళ్లలో అప్పటికే నీళ్లున్నాయి కాబట్టి నన్నెవరూ పట్టించుకోలేదు.

జగిత్యాల హాలులో టైర్ల సెక్షన్ ఆయన ఒకడున్నాడు, కాక ఊరి పక్క ఊరే. ఆయన మెల్లగా అన్నాడు, "గిదేందిరా, కాక దరఖాస్తు పెట్టకుండనే పోయిండు?"

అందరం నవ్వాం. చావు కబురు విని అలా నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. కానీ ఆ నవ్వు ఆగేసరికి సగం మంది ఏడుస్తున్నారు, నవ్వుకీ ఏడుపుకీ మధ్య ఎవరికీ తెరిపి దొరకలేదు. చావు కబురు విన్నచోట దరఖాస్తు మాటేమిటని మీరు అడుగుతారు. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కాక నాకు చుట్టం కాదు. ఆయనది జగిత్యాల, నాది రాయచోటి. కువైట్‌లోని అమ్ఘరాలో మేమిద్దరం పనిచేసిన స్క్రాప్ యార్డులో ఆయన కాటా మనిషి. లారీలు వచ్చి కాటా మీద ఆగితే బరువు చూసి చీటీ కొట్టి ఇచ్చేవాడు. ముప్పై ఏళ్లకు దగ్గరగా అదే పని. కళ్లజోడు కాడ విరిగితే రాగితీగ చుట్టుకున్నాడు, కొత్తది కొనమంటే "రాగి బంగారమసొంటిదిరా" అనేవాడు. చాయ్ సాసర్లో పోసుకుని, కళ్లు మూసుకుని, మూడు వీధులకు వినపడేలా జుర్రేవాడు. చెవిమీద ఎప్పుడూ ఒక నల్ల పెన్ను. ఇక్కడ అరబ్బు నుంచి మలబారు దాకా అందరూ రోజుకు వందసార్లు "ఖలాస్" అంటారు, అయిపోయింది పో అని. కాక నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఎవరన్నా అంటే కసురుకునేవాడు. "ఖలాస్ అనకురా, పెండింగ్ అను. పెండింగ్ అంటే ఇంక ఆశ ఉన్నట్టు."

యార్డు వెనక మా క్యాంపు. పక్కపక్కన రెండు హాళ్లు. ఒకదాంట్లో జగిత్యాల, నిజామాబాద్ మనుషులు, ఇంకోదాంట్లో మేము, రాయచోటి, కడప వాళ్లం. మధ్యగోడకు ఒక ఇనుప తలుపు ఉండేదట. ఎవరో ఒకనాడు దాన్ని ఊడదీసి, తుక్కును నొక్కి దిమ్మ చేసే ప్రెస్సులో వేశారు. స్క్రాప్ యార్డు వాళ్ల మధ్య ఇనుప తలుపు పెట్టడం ముదీర్ చేసిన తప్పు, మాది కాదు. ముదీర్ అంటే మా మేనేజరు, పాపం మంచివాడే. తలుపు పోయాక మిగిలిన ఆ ఖాళీలో సగం ఇటూ సగం అటూ వచ్చేలా కాక తన మంచం వేసుకున్నాడు. గాలి తగులుతుందని చెప్పేవాడు. అసలు సంగతి రెండు హాళ్ల ముచ్చట్లూ వినడానికని మాకందరికీ తెలుసు.

తలుపు లేని చోట రాకపోకలు ఎక్కువ. మావాళ్లు ఏసీ చల్లగా పెడతారని వణుకుతూ ఒకడు అటు పోయేవాడు. వాళ్లు టీవీ గట్టిగా పెడతారని ఒకడు ఇటు వచ్చేవాడు. గొడవ పడ్డ ప్రతివాడూ చాపా దిండూ చంకన పెట్టుకుని గోడ దాటేవాడు. అటువైపు మాంసం ఉడికిన రోజున మా హాలులో గొడవలు మరీ ఎక్కువగా జరిగేవి. ఇటు సంకటీ కోడిపులుసూ అయిన రోజున అటువైపు స్నేహాలు చెడిపోయేవి.

ఒకసారి టీవీలో ఏవో పక్కపక్క దేశాల సంగతి చెప్పారు. వాటి మధ్య గేటు లేదట, పోలీసు లేడట. కానీ శరణు అడిగి వచ్చినవాడి కాగితాలు ఏ దేశం చూడాలో తేలక నువ్వంటే నువ్వని తోసుకుంటున్నాయట. కాక తొడ చరిచాడు. "గిది మన హాళ్ల ముచ్చటనే గదరా!" అన్నాడు. మర్నాటి నుంచి గోడ దాటాలంటే దరఖాస్తు.

దరఖాస్తు కాటా చీటీ వెనకాల రాయాలి. నల్ల పెన్నుతోనే రాయాలి. ఎందుకు వచ్చావో ఒక్క కారణమే చెప్పాలి, రెండు చెబితే రెండూ అబద్ధాలే అని కాక నమ్మకం. మొదట ఏ హాలులో అన్నం తిన్నావో ఆ హాలు వాళ్లే నీ కాగితాలు చూడాలి. తేలేదాకా కాక మంచం పక్కన, పాత తలుపు గడప గీత మీద పడుకోవాలి, రెండు హాళ్ల గిన్నెలూ తోమాలి. ఈ గిన్నెల నియమంతోనే సగం మంది దరఖాస్తులు వెనక్కి తీసుకున్నారు.

మిగిలిన సగానికి కాకది ఒకటే ప్రశ్న. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి అడిగేవాడు, "భయపడి వచ్చినవా, కూర జూసి వచ్చినవా?"

కాగితాలు పెట్టుకోవడానికి తుక్కు కింద వచ్చిన ఒక కారు డాష్‌బోర్డు డబ్బా ఊడదీసి మంచం కింద పెట్టుకున్నాడు. నొక్కితే టక్కున తెరుచుకునేది. అందులోనే ఒక రబ్బరు ముద్ర కూడా, అదీ తుక్కులో దొరికిందే. తేదీ చక్రం తుప్పు పట్టి ఒకే తేదీ దగ్గర ఆగిపోయింది. అందువల్ల మా క్యాంపులో దరఖాస్తులన్నీ, ఇన్నేళ్లవి, ఒకే రోజున అందినట్టు లెక్క. నేను ముందంటే నేను ముందని ఎవరూ వాదించే వీలు లేకపోయింది. కాక ఆ ముద్రను అందుకే మార్చలేదేమోనని నా అనుమానం.

ఒకాయన గురకలు భరించలేకపోతున్నానని అటు నుంచి ఇటు వచ్చాడు. మూడో రోజుకు అటు నిశ్శబ్దం, ఇటు గురక. ఇంకొకాయన రెండు పేర్లతో రెండు హాళ్లకూ దరఖాస్తు పెట్టి రెండు చోట్లా శుక్రవారం మాంసం తిన్నాడు. రెండు చీటీల వేలిముద్రల్లోనూ ఒకే గాటు చూసి కాక పట్టేశాడు. శిక్ష ఏమిటంటే ఆ నెలంతా రెండు చోట్లా పప్పే.

ఇక నా సంగతి. మా అక్క మొగుడు, అంటే మా బావ, నన్ను కువైట్‌కు తెచ్చినవాడు. మా హాలుకు పెద్ద. కూతురికి చెవులు కుట్టించే వేడుక పెట్టుకుని సెలవు మీద ఊరికి పోతున్నాడు. విమానానికి ఇంకా ఆరు రోజులున్నాయి. రెండేళ్లుగా కూడబెట్టినవన్నీ ఒక ఇనుప పెట్టెలో సర్దాడు. సెంటు సీసాలు, ఖర్జూరం, పాలపొడి డబ్బాలు, పులిబొమ్మ దుప్పటి. మేనమామను కదా, నడిస్తే లైట్లు వెలిగే బూట్లు పాపకని నేనూ అందులో పెట్టాను.

పెట్టె ఎంత తూగుతుందో చూడాలని బావ దాన్ని యార్డుకు తెచ్చి, రాగీ ఇత్తడీ తూచే చిన్న కాటా మీద పెట్టాడు. మేమందరం సామాన్లు అక్కడే తూచుకుంటాం. కాక బరువు చెప్పాడు, అంతలో లారీ వస్తే పెద్ద కాటా దగ్గరికి పరిగెత్తాడు. బావ చాయ్‌కి పోయాడు. బావ పెట్టె అక్కడుందని తెలియని నేను ఫోర్క్‌లిఫ్ట్ మీద వచ్చాను. కాటా మీద తుప్పు పట్టిన పెట్టె, తాడు కట్టి ఉంది, తాడు కింద చీటీ. చీటీ ఉన్న సరుకు ప్రెస్సుకు పోవాలి, అది యార్డు చట్టం. చీటీ లాగి జేబులో పెట్టుకున్నాను. పెట్టెను లేపి ప్రెస్సులో వేసి బటన్ నొక్కాను.

చాయ్ గ్లాసుతో బావ వచ్చేసరికి పెట్టె ముక్కాలిపీటంత దిమ్మ అయి బయటికి వచ్చింది. సెంటు సీసాలన్నీ పగిలి యార్డంతా గుమగుమలాడుతోంది. దిమ్మ మూల నుంచి దుప్పటి ముక్క ఒకటి బయటికి వచ్చింది. పులి చెవి.

బావ ఆ చెవిని చూశాడు. నన్ను చూశాడు. "రేయ్," అన్నాడు, చాలా నిదానంగా. "అది నా పెట్టెనా?"

నేను పరిగెత్తాను. క్యాంపు దాకా పరిగెత్తి, మా హాలు దాటి, గీత మీదుగా జగిత్యాల హాలులో పడ్డాను. జేబులో ఉన్న చీటీ వెనకాలే "నాకు ప్రాణభయం ఉంది" అని రాశాను. సాయంత్రం కాక వచ్చేసరికి బావ గీతకు అటు నిలబడి ఉన్నాడు, చేతిలో రెంచి. కోపంతో ఊగిపోతున్నాడు గానీ కాలి బొటనవేలు గీతకు బెత్తెడు అవతలే ఉంది. దరఖాస్తు తేలేదాకా గీత దాటకూడదన్న నియమం రక్తం కళ్లజూడాలన్న మనిషిని కూడా ఆపింది చూడండి. పక్కనే దిమ్మ. సాక్ష్యమని పికప్‌లో వేసుకుని తెచ్చాడు.

కాక అడిగాడు, "భయపడి వచ్చినవా, కూర జూసి వచ్చినవా?"

ఖర్మకాలి ఆ రోజు జగిత్యాల హాలులో కోడికూర. "కూరకే కాకా!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు.

"మా బావ చేతిలో ఏముందో చూడు కాకా," అన్నాను.

కాక చీటీ తీసుకుని చదివాడు. తర్వాత తిప్పి ముందువైపు చూశాడు. చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. చివరికి అందినట్టు ముద్ర కొట్టాడు. నా దరఖాస్తు చూసి జాలిపడ్డాడనుకున్నాను.

టైర్ల ఆయన ఒప్పుకోలేదు. "మాకెందుకు గీ లొల్లి కాకా? ఆళ్ల మనిషి, ఆళ్ల పెట్టె, ఆళ్ల పంచాది. పంపియ్యి అటే."

"మొదలు ఎక్కడ అన్నం తిన్నడో అక్కడోళ్లే కాయితాలు చూడాలె. గని కొట్టేటోనికి మనిషిని అప్పజెప్పుడు లేదు," అన్నాడు కాక. "పెండింగ్."

బావ రెంచి దించి నావైపు చూశాడు. "నేను ఆరు దినాలకు ఊరికి పోతాండా. మీ అక్కకు చెప్తా, నీకు తమ్ముడు లేడని. నా బిడ్డకు మేనమామ లేడు. అంతే."

నాకు అక్క తప్ప ఎవరూ లేరు. అమ్మానాన్నలు పోయాక అక్కే పెంచింది. రెంచి దెబ్బకు భయపడి వచ్చినవాణ్ని, ఆ మాట విన్నాక దెబ్బే నయమనిపించింది. బావ మాట అన్నాడంటే అన్నట్టే. ఆ కోపంతో విమానం ఎక్కితే మా అక్క గుమ్మం నాకు మూసుకుపోయినట్టే. ఆ రాత్రి గిన్నెలు తోముతూ ఏడ్చాను. చూసినవాళ్లు సబ్బు నురగ అనుకున్నారు.

మర్నాడు కాక బావను పిలిచి చెప్పాడు, నీ మనిషిని వాపసు తీసుకోవాలంటే నువ్వూ దరఖాస్తు పెట్టాలని. బావ కారణం దగ్గర "కొట్టాల" అని రాశాడు.

"కొట్టుడు కారణం కాదు. మంచిగ రాస్కరా," అని కాక తిప్పి పంపాడు.

రెండోసారి నీలం పెన్నుతో రాశాడని తిప్పాడు. మూడోసారి ఎదుటి హాలు నుంచి ఇద్దరి సాక్షి సంతకాలు కావాలన్నాడు. బావ తిట్టుకుంటూనే వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాడు. సంతకం పెట్టేముందు సంగతేంటో చెప్పమన్నారు వాళ్లు. పెట్టెలో ఏమేం ఉన్నాయో బావ ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాడు. టైర్ల ఆయన దగ్గరికి జరిగి కూర్చున్నాడు. ఒక ఏడు ఆయన పెట్టె విమానంలో ఎటో పోయి మళ్లీ రాలేదట. "పెండ్లాం నమ్మలేదన్నా. నువ్వు ఏం తేలేదు, పెట్టె పోయిందని అబద్దమాడుతున్నవన్నది. నీదైతే గీ దిమ్మన్న ఉన్నది, చూపియ్యనీకి," అన్నాడు. బావకు వాళ్లు అన్నం పెట్టారు. పొద్దుపోయేదాకా అక్కడే ఉన్నాడు.

సంతకాలు తెస్తే కాక వాటిని వెలుగుకు పట్టి చూసి, "గీ సంతకం వంకరగ ఉన్నది," అన్నాడు.

బావ నెత్తి కొట్టుకున్నాడు. "ఏందప్పా కాకా! ఇఖామా ఆఫీసోళ్లు గూడా ఇంత సతాయించరే!" ఇఖామా అంటే ఇక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి కార్డు.

"ఆళ్లకు నీ బాద ఏం దెలుసు? నాకు దెలుసు గాబట్టే లేటు జేస్తున్న."

అలా నాలుగు రోజులు గడిచాయి. బావ కోపం దరఖాస్తు దరఖాస్తుకూ కరుగుతోంది. అరవడం మానేశాడు, గొణగడంలోకి దిగాడు. కానీ నాతో మాట లేదు. నేను గిన్నె అందిస్తే పక్కవాడి చేత తీసుకునేవాడు.

విమానం మర్నాడనగా శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం మా హాలులో సంకటి గెలుకుతున్నారు, పక్కన నాటుకోడి పులుసు. కాక దిండు చంకన పెట్టుకుని లేచాడు. వచ్చి గీత మీద, నా పక్కన, కింద కూర్చున్నాడు. ఒక కాటా చీటీ బావకు అందించాడు.

"ఎవరిది కాకా?"

"నాదే. సదువు."

బావ పైకి చదివాడు. "నాకు భయంగ ఉన్నది. పెట్టె తూచి, అలవాటుల చీటీ కొట్టి తాడు కింద చెక్కింది నేనే. పోరడు నా చీటీ జూసే ప్రెస్సుల ఏసిండు. వాడు దరఖాస్తు రాసింది గా చీటీ వెనకాల్నే. జూసిన్నాడే నాకు దెలిసింది. చెప్పనీకి ధైర్యం జాలక ఇన్ని దినాలు ఫైలు తిప్పిన. మా హాలోళ్లకు మొకం జూపియ్యలేను. మీ హాల్ల జాగ ఇయ్యాలె."

అన్ని రోజులూ నన్ను కాపాడినవాడు నా పక్కన తల దించుకుని కూర్చున్నాడు. తెల్ల వెంట్రుకల మనిషి, దిండు ఒళ్లో పెట్టుకుని. పెట్టె పోయిన మనిషి దగ్గరే శరణు అడిగాడు.

బావ చీటీ వంక చూశాడు. నా వంక చూశాడు. కాక వంక చూశాడు. తర్వాత, కాక ఎప్పుడూ చేసినట్టే, లేని కళ్లజోడును ముక్కు మీదికి జార్చుకుని అడిగాడు, "కాకా. భయపడి వచ్చినావా, కూర చూసి వచ్చినావా?"

కాక ముక్కు ఎగబీల్చాడు. పులుసు ఉడుకుతోంది.

"రెండూ," అన్నాడు.

బావ మొదట నవ్వలేదు. భుజాలు కదిలాయి, పొట్ట కదిలింది, చివరికి నవ్వు నోట్లోంచి బయటపడింది. గోడ పట్టుకుని నవ్వాడు. రెండు హాళ్లూ నవ్వాయి. నవ్వుతూనే వచ్చి నా జుట్టు పట్టుకుని వంచి, వీపు మీద ఒక్కటి ఇచ్చాడు. ఆరు రోజుల బాకీ అనుకున్నాను, సుఖంగా ఉంది. కాక ముద్ర తీసి బావ చేతిలో పెట్టాడు. బావ మా ఇద్దరి చీటీల మీదా ఒప్పుకున్నట్టు ముద్ర కొట్టాడు, ఎప్పటి తేదీయే.

ఆ సాయంత్రం రెండు హాళ్ల వాళ్లూ ఊరికని దాచుకున్న వాటిలోంచి తలా ఒకటి తెచ్చి కొత్త సంచీలో వేశారు. లెక్క చూస్తే ఏడు గోళ్లు తీసుకునే కత్తెరలు, నాలుగు తలనొప్పి మందు సీసాలు తేలాయి. కాక తన పెట్టెలోంచి పులిబొమ్మ దుప్పటి తీశాడు. ఎన్నేళ్ల కింద కొన్నాడో, మడతలు చెరిగిపోయాయి. "నేనెప్పుడు పోతనో ఏమో, పోనియ్యి," అన్నాడు.

ఎయిర్‌పోర్టులో బావను అడిగాను. "అక్కకు ఏం చెప్తావు బావా?"

"పెట్టె ప్రెస్సులో పడిందని చెప్తా. ఎవురేసినారో, అది పెండింగ్," అన్నాడు.

చెవులు కుట్టేటప్పుడు పాప మేనమామ ఒళ్లో కూర్చోవాలి. నా బదులు మా అక్క పీట మీద వీడియో కాల్ ఫోను నిలబెట్టింది. ఇక్కడ రెండు హాళ్లూ నా వెనక నిలబడి చూశాయి. పాప ఏడిస్తే కాక నాకన్నా ముందు ఏడ్చాడు.

దిమ్మను ముదీర్ తీసేయమన్నా మేము తీయలేదు. అది కాక పీట అయింది. దాని మీద కూర్చునే దరఖాస్తులు విన్నాడు, సెంటు కంపు కొట్టే లుంగీతో. వయసు మీద పడ్డాక ఇఖామా కొత్తది కాలేదు. పోయిన ఏడు ఊరికి పంపేశారు. పోయేటప్పుడు ముద్ర నా చేతిలో పెట్టి, "ఎవ్వనికీ జల్దీ కొట్టకు బిడ్డా," అన్నాడు. నేను ఆయన కాళ్లకు మొక్కాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "సంకటి తక్కువ తిను," అన్నాడు.

కబురు వచ్చిన శుక్రవారమే కాక ఫోటో పెట్టాలనుకున్నాం. ఏ హాలులో పెట్టాలన్న దగ్గర తగవు వచ్చింది. బావ వెంటనే కాటా చీటీ వెనకాల దరఖాస్తు రాశాడు. కాక మా హాలుకు శరణు వచ్చినవాడే, ముద్ర కొట్టింది తానే, కాబట్టి కాక మావాడని. టైర్ల ఆయన ఇంకో చీటీ రాశాడు. కాక కువైట్‌కు దిగిన నాడు మొదటి అన్నం తమ హాలులోనే తిన్నాడు, కాక పెట్టిన చట్టమే, కాబట్టి తమవాడని. రెండూ నల్ల పెన్నుతోనే ఉన్నాయి. రెండిట్లోనూ ఒక్కొక్క కారణమే ఉంది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఇద్దరూ ముద్ర కోసం నా ముందు నిలబడ్డారు. ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి.

డాష్‌బోర్డు డబ్బా టక్కున తెరిచాను. ముద్ర చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ లోపల పెట్టేశాను.

"పెండింగ్," అన్నాను.

ఫోటోను గీత మీద, ఆ దిమ్మ మీదే పెట్టాం. రెండు చీటీలూ దాని కింద ఉన్నాయి. ఎండ ముదిరి ఏసీ ఆగిన మధ్యాహ్నాలు ఆ ఇనుములోంచి ఇప్పటికీ కాస్త సెంటు వాసన వస్తుంది, ఫ్యాన్ గాలికి పులి చెవి ఆడుతుంది. ఇప్పుడు గోడ దాటడానికి ఎవరూ దరఖాస్తు రాయడం లేదు, అడిగేవాడు లేడు కాబట్టి. కానీ అటు వాళ్లు ఇటు, ఇటు వాళ్లు అటు, చేతిలో కంచం పట్టుకుని పోతూ ఆ ఫోటో దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. "కూర జూసే కాకా," అని నిజం చెప్పి, గీత దాటుతారు.